గుర్రం పోతే గల్లీకంతా తెలిసేది

మా రోజుల్లో సోలాపూర్ కుంఠా నాకా గల్లీల్లో మరమగ్గాల సాంచాలు ఎంత మోత పెట్టినా టాంగా గుర్రం డెక్కల చప్పుడు పోల్చుకునేవాళ్లం. కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో చుట్టాలు రైలు దిగితే మూటాముల్లెలతో టాంగాలోనే వచ్చేవాళ్లు. ఏ టాంగా ఎవరిదో, ఏ గుర్రం ఏ కాలు కాస్త ఎత్తి వేస్తుందో పిల్లలకు కూడా తెలుసు. అది ముసలిదైతే తెలిసేది, కుంటితే తెలిసేది, చస్తే తెలిసేది. గుర్రం చచ్చిన రోజున బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లోని చాట పక్కన పెట్టి వచ్చి చూసేవాళ్లు. మున్సిపాలిటీ బండి వచ్చేదాకా దాని మీద ఎవరో ఒకరు కార్ఖానా నుంచి చాదర్ తెచ్చి కప్పేవాళ్లు. అంచు సరిగా రాక పక్కన పడేసిన చాదరే కావచ్చు, కానీ కప్పేవాళ్లు.

ఇప్పుడు మా గల్లీ పోరగాళ్లు ఫోన్‌లో గుర్రం పేరు చూసి డబ్బు పెడుతున్నారు. దాని తండ్రెవరు, తల్లెవరు, జాకీ ఎవడు, ఎంత బరువు మోస్తోంది, పోయిన పరుగులో ఎన్నోది వచ్చింది, అన్నీ నోటికి చెబుతారు. నేనొకణ్ని అడిగాను: “మొన్నటేడు నీకు పైసలు తెచ్చిన గుర్రం ఏదిరా?”

“అది రిటైరయింది తాతా.”

“రిటైరై ఏడికి పోయింది?”

“నాకేమెరుక? ఇప్పుడు ఉరికేవాటిని చూసుకోవాలె గాని.”

నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు. వాడి మీద కాదు. వాడి చేతికి వచ్చే రేసు పుస్తకంలో ఆ సంగతికి చోటే లేదు. పందెపు గుర్రం పుట్టుకకు లెక్క ఎంత గట్టిదంటే, ప్రపంచంలోని థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రాలన్నిటి తండ్రి వరస మూడంటే మూడు మగ గుర్రాల దాకా పోతుంది. మూడువందల ఏళ్ల వంశవృక్షం చెప్పగలరు. మన దేశంలో ఆ వంశాల పుస్తకం ఉండేది ఎక్కడో కాదు, ఇక్కడి నుంచి రైలెక్కితే ఒక పూటలో చేరే పూణెలో. ఈతకు పనికొచ్చే ఆడ గుర్రాలు, ఎంపికైన మగ గుర్రాలు పరుగు మానేశాక కూడా ఆ పుస్తకంలో బతుకుతాయి. మిగతావాటి సంగతే నేను అడిగేది.

పందెపు గుర్రాన్ని రెండేళ్ల వయసులోనే పరుగుకు దింపుతారు. ఐదు, ఆరు, మహా అయితే ఏడెనిమిదేళ్లకు దాని పని ముగుస్తుంది. సరిగా చూసుకుంటే గుర్రం పాతికేళ్లు బతుకుతుంది, ముప్పైకి చేరేవీ ఉన్నాయి. అంటే సంపాదించింది నాలుగైదేళ్లు, బతకాల్సింది ఇంకో ఇరవై ఏళ్లు. మగవాటిలో చాలావాటికి అదుపు కోసమని చిన్నప్పుడే వృషణాలు తీసేస్తారు కాబట్టి స్టడ్ ఫారానికి పనికిరావు. గెలవని, ఈనని, ఈనించని గుర్రానికి రోజూ ఓట్స్, లూసర్న్ గడ్డి, నాడాలు, గుర్రపుశాల మనిషి జీతం ఎవరు పెడతారు? కొందరు యజమానులు పెడతారు, వాళ్లకు దండం. తక్కినవి చేతులు మారతాయి. ఒకటి సవారీ బడికి, ఒకటి కొండ ఊళ్లో టూరిస్టులకు, ఒకటి పెళ్లి బారాత్‌కు. చేతులు మారిన కొద్దీ పేరు పోతుంది. మా అశోక్ చౌక్‌లో డీజే పెట్టెల ముందు చెవులు వెనక్కి పెట్టుకుని వణికే పెళ్లి గుర్రాన్ని చూసినప్పుడల్లా, ఇది ఏ మైదానంలో ఏ పేరుతో ఉరికిందో అనుకుంటాను.

మా రోజుల్లో అంతా దయే ఉండేదని అబద్ధం చెప్పను. సోలాపూర్ ఎండలో నలుగురు ఎక్కాల్సిన టాంగాలో ఆరుగురు ఎక్కేవాళ్లు, కొరడా మోగేది, మెడ మీద పుండుకు పసుపు రాసి మళ్లీ బండికి కట్టేవాళ్లు. అయినా ఆ పుండు అందరి కళ్లముందే ఉండేది. “ఇయ్యాల దాన్ని ఇడిసిపెట్టు కాకా” అనడానికి గల్లీలో ఒక ముసలమ్మ ఉండేది. ఎవరి గుర్రానికి కడ్బా మేత తక్కువైందో కూడా అందరికీ తెలిసేది.

ఒక్కటి ఒప్పుకోవాలి. ముసలి గుర్రాలకు పూణెలో ఒక దారి దొరికింది, అది నిజంగా గొప్పది. పూనావాలా కుటుంబానికి గుర్రాల ఫారం ఉంది. వయసు మళ్లిన గుర్రాలను వాళ్లు ముంబయి హాఫ్‌కిన్ సంస్థకు ఇచ్చేవాళ్లు, సీరం తీయడానికి. ఆ పని మనమే ఎందుకు చేయకూడదన్న ఆలోచనలోంచి 1966లో సీరం ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. పాము విషానికి మందు కూడా గుర్రంతోనే తయారవుతుంది. విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కిస్తే గుర్రం ఒంట్లో దానికి విరుగుడు పుడుతుంది, ఆ రక్తంలోంచి మందు తీస్తారు. జొన్నచేలో కాటు తిన్న మనిషి లేచి ఇంటికొచ్చాడంటే ఏదో ఒక గుర్రం రుణం ఉన్నట్టే. అంత రుణం ఉన్న జీవానికి ముసలితనంలో నీడ, నీళ్లు, నడవడానికి జాగా ఉన్నాయో లేదో చూడటం ఆ మందు వాడే అందరి బాధ్యత.

పరుగులో కాలు విరిగి చచ్చేవాటి సంగతి వేరు. “కట్టు కట్టొచ్చుగా” అంటారు జనం. నాలుగైదువందల కిలోల ఒళ్లు. మోకాలి కింద కండ ఉండదు, ఎముక, నరం, చర్మమే. రోజుల తరబడి పడుకోలేదు. మూడు కాళ్ల మీద నిలబడితే బరువంతా పడి బాగున్న కాళ్ల గిట్టలు లోపల చెడిపోతాయి. అమెరికాలో 2006లో బార్బరో అనే డెర్బీ గుర్రం కాలు పందెంలో విరిగితే డబ్బు, డాక్టర్లు, ఆపరేషన్లు దేనికీ లోటు చేయలేదు. ఎనిమిది నెలలు పోరాడి 2007 జనవరిలో చివరికి నిద్రపుచ్చాల్సి వచ్చింది. డాక్టర్ పక్కనుండి ఇంజెక్షన్ ఇచ్చిన చావుతో నాకు తగాదా లేదు. ఎవరూ చూడని చావుతోనే నా తగాదా.

అలాంటి చావే మన ఇంటిముందుకూ వచ్చింది. నిజాం కాలం నుంచి గుర్రప్పందాలు చూస్తున్న ఊరు హైదరాబాద్. ఆ హైదరాబాద్ నుంచి 2025లో నడి ఎండాకాలంలో 57 గుర్రాలను లారీలెక్కించి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గర ఒక పల్లెకు పంపారు. వాటిలో థరోబ్రెడ్‌లూ ఉన్నాయి, కాఠియావాడీ, మార్వాడీ జాతులూ ఉన్నాయి. చేరిన కొద్ది రోజుల్లోనే ఎనిమిది చచ్చిపోయాయి, తర్వాత ఆ లెక్క ఇంకా పెరిగింది. గ్లాండర్స్ రోగమేమోనని రక్తం హిసార్‌లోని ల్యాబుకు పంపితే, కాదని వచ్చింది. ఆన్‌లైన్ పందేల కోసం వాడిన గుర్రాలన్న ఆరోపణ మీద సంగతి హైకోర్టు దాకా పోయింది. యాభై ఏడు గుర్రాల పేర్లు ఎవరైనా అచ్చేశారా? నేను వెతికిన పేపర్లలో ఎక్కడా లేవు. ఉరికేటప్పుడు ఒక్కోదానికీ పేరుంది, చచ్చేటప్పుడు అంకె మాత్రమే మిగిలింది.

మా జిల్లాలోనే ఇంకో పరుగు ఉంది. ఆషాఢంలో జ్ఞానేశ్వర్ మహారాజ్ పల్లకి పండరిపురం పోతూ సోలాపూర్ జిల్లాలో అడుగుపెట్టాక ఖుడూస్ లాంటి చోట్ల రింగణ్ జరుగుతుంది. బెళగావి వైపు అంకలి నుంచి వచ్చే రెండు గుర్రాలు లక్షలమంది నడుమ గుండ్రంగా ఉరుకుతాయి. ఒకదాని మీద జెండా పట్టిన రౌతు, రెండోదాని మీద ఎవరూ ఉండరు. అది మౌలి, అంటే జ్ఞానేశ్వరుడు, కూర్చున్న గుర్రమని నమ్మకం. దాని కాలికింది మట్టి నుదుట పెట్టుకోవడానికి జనం ఎగబడతారు. ఆ గుర్రాల్లో హీరా అనేది 2018 వారీ యాత్రలో పూణెలో చనిపోతే మరాఠీ పేపర్లు పేరుపెట్టి రాశాయి, పల్లకి వెంట నడిచే వార్కరీలు ఏడ్చారు. దాని మీద ఎవడూ ఒక్క రూపాయి పందెం కట్టలేదు.

పందెం కట్టేవాళ్లకూ బుద్ధి రావచ్చు. 1986 కెంటకీ డెర్బీ గెలిచిన ఫెర్డినాండ్‌ను జపాన్‌కు అమ్మితే అక్కడ 2002లో కసాయికి పోయింది. అమెరికాలో గోల పుట్టి, న్యూయార్క్ యజమానులు ముసలి గుర్రాల కోసం చందా మొదలెట్టి దానికి ఫెర్డినాండ్ పేరే పెట్టారు. బ్రిటన్‌లో 2000లోనే పరుగు మానిన గుర్రాలకు కొత్త పని నేర్పే సంస్థ వచ్చింది. అదే జపాన్‌లో 113 పరుగులు ఉరికి ఒక్కటీ గెలవని హారు ఉరారాను అభిమానులు చందాలేసి మేపారు, 29 ఏళ్లు బతికి 2025లో పోయింది.

పందెం టికెట్ మీద సర్కారు పన్ను తీస్తుంది, క్లబ్బు తన వాటా తీస్తుంది. గుర్రం ముసలితనానికి అందులోంచే ఒక పైస తీయడం కష్టమైన పనేం కాదు. వచ్చే జూలైలో పూణె సీజన్ మొదలైతే మా పోరగాళ్లు ఎలాగూ పోతారు, నా మాటకు ఆగరు. వాళ్లకో కాగితం రాసిచ్చాను, క్లబ్బు ఆఫీసులో ఇచ్చి ముద్ర కొట్టించుకు రమ్మని. అందులో ఉన్నవి ఇవే: పోయిన సీజన్‌లో ఇక్కడ ఉరికి ఇప్పుడు ఉరకని గుర్రాల పేర్లేమిటి? ఒక్కోటి ఎవరి దగ్గరుంది? చనిపోయినవి ఏ రోజున, దేనివల్ల చనిపోయాయి? ఇకమీద ఈ లెక్క కూడా రేసు పుస్తకంలో అచ్చేస్తారా?