అమ్మను పులిగా గుర్తించండి

మే నెల రెండో ఆదివారం నాకు శాలువా కప్పారు. మే నెల, అమ్రాబాద్, రేకుల షెడ్డు, పైన శాలువా. నా వీపు మీద చెమట కాలువ కడుతుంటే వేదిక మీది పెద్దలు మాతృత్వపు చల్లదనం గురించి మాట్లాడారు. మొదటాయన అమ్మ నడిచే దేవత అన్నాడు. ఆ మాట ఆయన వాడేశాడు కాబట్టి రెండో ఆయన, అమ్మ దేవత కన్నా ఎక్కువ అన్నాడు. మూడో ఆయనకు ఆపైన మెట్టు మిగల్లేదు. కండువాతో కళ్లు ఒత్తుకుని, తల్లి పస్తులుండి తనను పెంచిన కథ చెప్పాడు. ముందు వరుసలో ఎవరో, అవ్వను తీసుకురాలేదేమని అడిగారు. "ఇంటికాడ ఉంది. పిల్లల్ని జూస్కోవాలె గద" అన్నాడు.

భోజనాలయ్యాక సన్మానం పొందిన ఐదుగురు దేవతలం కలిసి గిన్నెలు కడిగాం. వండింది కూడా మేమే లెండి. తడవకుండా శాలువాను నడుముకు బిగించాను. ఆ శాలువా ఉపయోగపడింది ఆ అరగంటే.

ఈ మాతృ దినోత్సవ పండుగను అమెరికాలో మొదలుపెట్టిన అన్నా జార్విస్‌కు పిల్లలు లేరు. తన తల్లి జ్ఞాపకార్థం 1908లో తొలి సభ జరిపించింది. 1914లో ప్రభుత్వం దాన్ని అధికారిక దినం చేసింది. తర్వాత పూల వ్యాపారులూ కార్డుల వ్యాపారులూ దాన్ని ఎత్తుకుపోతే, మిగిలిన జీవితమంతా తాను పెట్టిన పండుగ మీద తానే యుద్ధం చేసింది. మా రేకుల షెడ్డుకు వచ్చి ఉంటే మైకు లాక్కునేది.

నాకు దేవతల మీద కోపం లేదు. నా అనుమానమల్లా ఈ బిరుదు మీద. దేవతకు ఆకలి వేయదు, నడుం పట్టేయదు, జీతం అడగదు. ఒక ఇంట్లో అమ్మను గట్టిగా దేవత అంటున్నారంటే, ఆ ఇంట్లో అంట్లు తోమే ఉద్దేశం ఇంకెవరికీ లేదని అర్థం.

పోనీ, దేవతే అనుకుందాం. మా నల్లమలలో దేవుడి బతుకు ఎట్లా ఉంటుందో చూడండి. సలేశ్వరం లింగమయ్య లోయలో, జలపాతం పక్కన గుహలో ఉంటాడు. చెంచులే పూజారులు. చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులు జాతర. రాళ్లలో జారుతూ, చెమటలు కక్కుతూ, "వత్తున్నం లింగమయ్యో" అని అరుచుకుంటూ జనం దిగుతారు. దర్శనమయ్యాక "పోతున్నం లింగమయ్యో" అంటూ ఎక్కుతారు. నాకు ఆ రెండో కేక మీదే మోజు. పోతున్నామని చెప్పి నిజంగా పోతారు! జాతర ముగిశాక ఆ అడవిదారి మూసేస్తారు. ఏడాదిలో మిగతా రోజుల్లో లింగమయ్యను పలకరించే జనం ఉండరు. నీళ్ల చప్పుడు వింటూ కూర్చుంటాడు. మా ఇంట్లో పదిహేడేళ్లుగా "వత్తున్నం" కేకే వినిపిస్తోంది. రెండో కేక ఇంకా రాలేదు.

అందుకే దేవత హోదా నాకొద్దు. నన్ను పులిగా గుర్తించమని మనవి.

అమ్రాబాద్‌లో ఉంటూ ఇంత ఆలస్యంగా ఎందుకు తట్టిందో నాకే సిగ్గుగా ఉంది. 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం మా ఊరి పేరే పెట్టుకుని మా చుట్టూ ఉంది. రాత్రి తొమ్మిదింటికి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు దించుతారు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే బండి ఎవరిదైనా సరే, తెల్లారి ఆరు దాకా ఆగాల్సిందే. జంతువులకు ఇబ్బంది కలగకూడదు. వానాకాలం సఫారీలు కూడా బంద్. ఒక్క మాటలో చెప్పాలంటే, మా మండలంలో రాత్రి ప్రశాంతతకు సర్కారు పూచీ పడేది పులికి మాత్రమే.

తల్లిపులి సంగతి చూడండి. మూడు నెలల పైచిలుకు మోసి కంటుంది. కూనల్ని పొదలో దాచి వేటకు పోతుంది. పిల్లల్ని ఇడిసిపెట్టి తిరుగుతోందని ఏ కణితీ మూతి విరవదు. రెండేళ్లు వెంట తిప్పుకుని, వేట నేర్పి, ఆ తర్వాత మీ దారి మీరు చూసుకోండి అంటుంది. ఇరవై ఆరేళ్ల కూనకు నీళ్లు కాచి పెట్టే పులి నల్లమలలో లేదు. మగపులి పిల్లల్ని పెంచదు కదా అంటారేమో. నిజమే. కానీ వేట నుంచి వచ్చి చాయ్ అడగదు.

పులుల్ని లెక్కించడానికి అడవిలో చెట్లకు కెమెరాలు కడతారు. అలాంటిది ఒకటి మా వంటింట్లో కట్టమంటాను. తెల్లవారుజామున 4:40, ఆడప్రాణి ఒకటి, పొయ్యి దగ్గర. 5:15, అదే ప్రాణి, టిఫిన్ డబ్బా మూత వెతుకుతూ. 6:30, అదే ప్రాణి, ఒక చేత్తో జడ అల్లుతూ, మరో చేత్తో గ్యాస్ తగ్గిస్తూ. 7:10, మగప్రాణి తొలిసారి కనబడింది, ఫ్రిజ్ తెరిచి చూసి వెనుదిరిగింది. రాత్రి 10:50, ఆడప్రాణి, నిలబడే తింటోంది. చారలు చూసి ఏ పులి ఏదో పోల్చుకుంటారట. నా పొట్ట మీద కూడా చారలున్నాయి, రెండు కాన్పులవి. గుర్తుపట్టడం తేలికే.

కెమెరా దాకా ఎందుకు, సర్కారు ఒకసారి గడియారం పట్టుకుని చూసింది. 2019లో దేశవ్యాప్తంగా చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్లయితే 97 నిమిషాలు. 2024లో మళ్లీ లెక్కేస్తే ఆడవాళ్లది 289కి దిగింది. పది నిమిషాలు మిగిలాయని సంబరపడేలోపు పక్క గడి చూశాను. మగవాళ్లు కూడా 88కి దిగారు. మేం పది తగ్గిస్తే వాళ్లు తొమ్మిది తగ్గించుకున్నారు. సమానత్వమంటే ఇదే కాబోలు.

మా ఆయన వాటా కూడా చెప్పాలి, దాచను. అప్పుడప్పుడు చిన్నదాన్ని ఎత్తుకుని బస్టాండు దాకా పోయొచ్చేవాడు. ఆ అరగంటకు వాడకట్టు మొత్తం నాకు అభినందనలు చెప్పేది. "బంగారమసుంటి మొగడు దొరికిండు నీకు" అని. మిగతా ఇరవై మూడున్నర గంటలు నేను పిల్లను మోసినందుకు ఆయనకు ఎవరూ చెప్పలేదు, బంగారమసుంటి పెండ్లాం అని.

ఇప్పుడు వేదిక మీద చెప్పలేకపోయిన మాట. రెండో కాన్పయిన పదో రోజు రాత్రి, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. కుట్లు సలుపుతున్నాయి, పాలు చేపి జాకెట్టు తడిసిపోయింది. నేను గోడ వైపు తిరిగి పడుకుని, ఆ ఏడుపును పక్కింటి ఏడుపులా విన్నాను. లోపల ఎంత వెతికినా ప్రేమ లేదు. కన్నతల్లికి ప్రేమ దానంతటదే పొంగుతుందన్నారే, నాది ఎక్కడ ఇంకిపోయింది అని భయపడ్డాను. అత్తమ్మ గాలి సోకిందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. పక్కింటి ముసలమ్మ మాత్రం లోపలికొచ్చి నా కళ్లు చూసి, "నిద్ర లేదు దీనికి. పిల్లనియ్యి, పండుకో బిడ్డా" అంది. నాలుగు గంటలు పడుకున్నాను. లేచాక, పిల్ల ముక్కు మా నాన్న ముక్కులా కొస దగ్గర చప్పిడిగా ఉందని మొదటిసారి చూశాను. నాలుగు గంటల నిద్రతో తేరుకోవడం నా అదృష్టం. కొందరికి అది నెలల తరబడి వదలని జబ్బు, డాక్టరు చూడాల్సిన జబ్బు. దేవతలకు జబ్బులుండవు కాబట్టి వాళ్లను ఎవరూ ఆస్పత్రికి తీసుకుపోరు. ఇంకో రెండు మిరపకాయలు తిప్పుతారు.

దీన్ని మించిన తమాషా బొంబాయి బస్సు. పాలమూరు నుంచి పనికి పోయే వలస బతుకుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి మొగుడూ పెళ్లామూ ఒకే బస్సెక్కుతారు, ఒకే బేరానికి ఇటుకలు మోస్తారు. ఊళ్లో మాత్రం రెండు వార్తలు. ఆయన పిల్లల కోసం పోయిండు. ఆమె పిల్లల్ని ఇడిసిపెట్టి పోయింది.

అమ్మల కోసం చట్టం లేదా అంటే ఉంది. 1961 చట్టాన్ని 2017లో సవరించి పన్నెండు వారాల ప్రసూతి సెలవును ఇరవై ఆరు చేశారు, జీతంతో సహా. నాలాంటి ఉద్యోగస్తురాలికి సెలవు దొరికింది. మా చేలల్లో పత్తి ఏరే ఆమెకు వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల దొరికింది. సెలవడిగితే ఆ రోజు కూలి పోతుంది. మళ్లీ మేలో శాలువా ఆమెకూ కప్పుతారు, ఉన్నిదే.

మొన్న రాత్రి తొమ్మిదింటికి, అక్కడ మన్ననూరులో గేటు దించే వేళకు, ఇక్కడ నేను పడకగది తలుపు దగ్గరికేశాను. పిల్లల పాత చార్టు వెనక స్కెచ్ పెన్నుతో రాసి అంటించాను: "ఉదయం ఆరు వరకు ప్రవేశం నిషేధం. హారన్ కొట్టరాదు." మా ఆయన చదివి పగలబడి నవ్వాడు. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. తొమ్మిది ఇరవైకి తలుపు చప్పుడైంది.

"మస్తుమంది జూస్తుండ్రే నీ బోర్డు. ఫోన్ బంద్ అయ్యేటట్టుంది, ఛార్జర్ యాడ బెట్టినవ్?"