కరివేపాకుకు కాశ్మీరు శాలువా

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టింది. కరెంటూ పోయింది.

డాలస్‌లో ఓ తెలుగింట పెళ్లినాటి శాలువా కరివేపాకు మొక్కకు కప్పారు. మొగుడుగారికి పాత తువ్వాలు.

అయినా మొక్క మాడింది. అలాగని తొందరపడి కొయ్యకూడదు. చలి వదిలాక బెరడు గోటితో గీరాలి. లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టే.

ఆవిడ ఆగింది. గీరింది. పచ్చగానే ఉంది! ఎండుకొమ్మలు కత్తెరతో తీసేస్తే మొదలు దగ్గర చిగురు.

అదే ఊపు. సెలూన్‌కి డాలర్లు, పైన టిప్పు దండగని అదే కత్తెర ఆయన తలకెక్కింది. ఇక్కడ ఆగడమూ లేదు, గీరి చూడడమూ లేదు. (బెరడు ముందే బయటపడింది లెండి.)

మే నెలకి కరివేపాకు గుబురైంది.

మండుటెండలో మంకీ క్యాప్‌తో దానికి నీళ్లు పోస్తున్నది ఆయనే.