అడిగితే ఔనంది

ఈ రోజుల్లో వాదనలో నెగ్గడానికి చదువక్కర్లేదు, ఫోన్లో ఛార్జింగ్ ఉంటే చాలు. ఆధారమేమిటని అడిగితే ‘చాట్‌జీపీటీ చెప్పింది’ అంటారు. జాగ్రత్తపరులైతే ఇంకో మెట్టెక్కుతారు: ‘నిజమేనా అని దాన్నే మళ్ళీ అడిగి రూఢి చేసుకున్నాను.’ అనుమానం తీర్చే పని కూడా, అనుమానం తెప్పించినదానికే అప్పగించారన్నమాట.

ఈ పద్ధతి ఎంత దూరం పోతుందో 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో తేలింది. విమానంలో భోజనాల బండి మోకాలికి తగిలిందని ఒక ప్రయాణికుడు ఏవియాంకా సంస్థ మీద దావా వేశాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న లాయరు పూర్వ తీర్పుల కోసం చాట్‌జీపీటీని ఆశ్రయించాడు. అడిగిందే తడవుగా అది పార్టీల పేర్లతో, నంబర్లతో తీర్పులు వడ్డించింది. వాటిలో ఆరు ఏ కోర్టూ ఇవ్వనివి. పాపం, లాయరు అనుమానించకపోలేదు. ‘వర్గీస్ వర్సెస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్’ నిజమైన కేసేనా అని అడిగాడు. ఔనంది. ఎక్కడుందంటే, వెస్ట్‌లాలో, లెక్సిస్‌నెక్సిస్‌లో దొరుకుతుందంది. రెండూ తీర్పులు దొరికే ఆన్‌లైన్ భాండాగారాలు, లాయర్లకు కొట్టినపిండి; అక్కడ వెతికి ఉంటే క్షణాల్లో బండారం బయటపడేది. ఆ వెతుకులాటేదో ఎదుటి పక్షం చేసింది. ఇద్దరు లాయర్లకు, వారి సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది.

యంత్రాన్ని తిట్టడం దండగ. అబద్ధమాడాలంటే ముందు నిజం తెలిసుండాలి. దానికి తెలిసిందల్లా ఏ మాట వెనుక ఏ మాట వస్తే అతుకుతుందో, అంతే. పైగా తెలియదంటే సున్నా, ఊహించి రాస్తే మార్కు దక్కే పరీక్షలతో దాన్ని తూచడం వల్లే కల్పనలు పోవడం లేదని దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ పరిశోధకులే 2025లో రాశారు. నెగెటివ్ మార్కులు లేని ఈఏపీసెట్ (పాత ఎంసెట్)లో ఏ ప్రశ్ననూ వదలొద్దని మన కోచింగ్ సెంటర్లు నేర్పే కిటుకే అది. అలాగని పనికిరాదా? సరుకు మనమిస్తే బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఇన్సూరెన్స్ పాలసీలోని ఇంగ్లిషును ముందు పెట్టి తెలుగులో విడమరచమంటే విసుక్కోకుండా చెబుతుంది. తప్పు చెప్పినా కాగితం మన దగ్గరే ఉంది, పట్టుకోవచ్చు. చిక్కల్లా కాగితం లేనప్పుడే. తెలియదు కాబట్టే అడిగినవాడు తప్పెలా పడతాడు?

మనుషులు మాత్రం తప్పు చెప్పరా, పత్రికలు వేయవా అంటారు. వేస్తాయి. కానీ పత్రికకు చిరునామా ఉంటుంది, సవరణ వేయించవచ్చు. ఈ యంత్రం మీకొకటి, పక్కింటాయనకింకొకటి చెబుతుంది, రెండూ ఒకే ధీమాతో. ఇప్పుడు చాట్‌బాట్లు వెబ్‌లో వెతికి లింకులిస్తున్నాయి కదా అన్నది మరో వాదన. మెరుగే, లింకు నొక్కి చదివేవారికి. పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు కలపమని 2024 మేలో గూగుల్ ఏఐ చెప్పిందీ వెతికే. రెడిట్‌లో ఎవరో ఏళ్ళ కిందట వేసిన జోకు దొరికింది, జోకని తెలియలేదంతే.

ఇక బాధ్యత. ఇంట్లో మరణం సంభవించి ప్రయాణమైన ఒకాయనకు, టికెట్ కొన్నాక కూడా 90 రోజుల్లోపు రాయితీ అడగవచ్చని ఎయిర్ కెనడా చాట్‌బాట్ చెప్పింది. నిబంధనల్లో అది లేదు. పంచాయితీ ట్రిబ్యునల్‌కెక్కితే, చాట్‌బాట్ మాటలకు చాట్‌బాటే బాధ్యత వహించాలన్నట్టు కంపెనీ వాదించింది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడైనా నేరం చెట్టు మీదకి నెట్టలేదు. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, దాదాపు 812 కెనడా డాలర్లు చెల్లించమంది. మరి వాట్సాప్ గ్రూపుల్లో చెల్లించేదెవరు? ‘తప్పులు దొర్లవచ్చు, సరిచూసుకోండి’ అని చాట్‌బాట్ తెర అడుగున కంపెనీలే రాసి పెడుతున్నాయి. మనవాళ్ళు స్క్రీన్‌షాట్‌ని సరిగ్గా ఆ వరుసకి పైన కత్తిరించి పంపుతున్నారు.