ఫ్లెక్సీ ఎక్కని బ్యాచ్

ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు, మూడు, మూడు, నాలుగు... ఊపిరి తీసుకోకుండా టీవీలో ఒకాయన అరుస్తుంటాడు. దేశమంతటికీ ఒకే పరీక్ష కదా, ఇన్ని ఒకట్లు ఎలా వచ్చాయి? ఓపెన్‌లో ఒకటి, కేటగిరీలో ఒకటి, రాష్ట్రంలో ఒకటి. కింద మూలన ఓ చుక్క గుర్తు. దాని పక్క అక్షరాలు చదవాలంటే భూతద్దం పట్టాలి. అదే కుర్రాడు ఎదురుగా ఉన్న పోటీ కాలేజీ ఫ్లెక్సీ మీద కూడా అదే చొక్కాతో నవ్వుతుంటాడు. పాపం, కన్నతండ్రి ఒక్కడే. కన్నామని చెప్పుకునే డీన్లు మాత్రం ముగ్గురు.

మన కార్పొరేట్ జూనియర్ కాలేజీలు వెళ్లిపోయిన బ్యాచ్‌ను తలచుకునే పద్ధతి ఇది. ఏటా ఎండాకాలంలో వాటికి జ్ఞాపకాలు పొంగుకొస్తాయి. మెట్రో స్తంభం మీద, సిటీ బస్సు వీపు మీద, పేపర్ మొదటి పేజీకి తొడిగిన రంగుల తొడుగు మీద. (అవును, ఇలాంటి వ్యాసాలు వేసుకునే పేపర్లే ఆ తొడుగూ వేసుకుంటాయి. బయటి పేజీ బిల్లు కడుతుంది, లోపలి పేజీ బాధపడుతుంది.)

ఇంతకీ ఆ తొడుగు మీద ఎంతమంది? పాతికో ముప్పయ్యో పాస్‌పోర్టు ఫొటోలు. ఒక్కో బాయ్స్ క్యాంపస్‌లో సీనియర్ ఇంటర్ ముగించినవాళ్లు ఎంతమంది? వందల్లో. మిగతావాళ్లేరీ? ఏ గోడ మీద ఉన్నారు?

లెక్క చూద్దాం. ఈ కాలేజీలు రెండేళ్లు నేర్పించేది లెక్కలే కదా. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షల పైచిలుకు. 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 17,740. దాదాపు ఎనభైమందికి ఒక సీటు. ఆ ఒక్క సీటునే ఎనభై ఇళ్లలోనూ అమ్ముతారు, ఎనభై ఫీజులూ వసూలు చేస్తారు. సినిమా హాల్లో ఒకే కుర్చీకి రెండు టికెట్లు అమ్మితే మేనేజరు చొక్కా పట్టుకుంటామే? ఇక్కడ మాత్రం రెండు చేతులూ జోడించి డీన్ గారికి బొకే ఇస్తాం. మిగిలిన డెబ్బైతొమ్మిది మంది కట్టిన డబ్బుతోనే ఆ మొదటివాడికి ఫీజు మాఫీ, ప్రత్యేక బ్యాచ్, పేరున్న లెక్చరర్. వీళ్లకేమో నిన్న ఎమ్మెస్సీ పాసై ఇవాళ చాక్‌పీస్ పట్టుకున్న పిల్లవాడు. దాతల ఫొటోలు ఫ్లెక్సీ మీద వేయడం మన ఊళ్లో రివాజు గదా. ఈ దాతల ఫొటో ఒక్కటీ వేయరేం?

ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఒకప్పుడు గ్రూప్ ఫొటో తీసేవారు. కింద పేర్లు అచ్చేసేవారు. కూర్చున్నవారు, నిలుచున్నవారు, ఎడమ నుంచి కుడికి. మూడో వరుసలో కళ్లు మూసుకున్న ఫెయిల్ క్యాండిడేటుకు కూడా అక్కడ ఇంటిపేరుతో సహా చోటుండేది. ఫేర్‌వెల్ ఉండేది, ఆటోగ్రాఫ్ పుస్తకాలుండేవి, వాటిలో తప్పుల తడక కవిత్వం ఉండేది. ఈడుపుగల్లులోనో, నిజాంపేటలోనో, బాచుపల్లిలోనో అపార్ట్‌మెంటుకు ఇనుప గ్రిల్ బిగించి కాలేజీ అని బోర్డు పెట్టినచోట ఫేర్‌వెల్ ఎవడికి కావాలి? గ్రాండ్ టెస్టులకే టైము చాలదు. చివరి పరీక్ష మధ్యాహ్నం అయిపోతుంది. సాయంత్రానికి ట్రంకు పెట్టెలు గేటు బయట. మంచం ఖాళీ చెయ్యాలి, జూనియర్ బ్రిడ్జి కోర్సు పిల్లలు వస్తున్నారు.

అసలు క్లాస్‌మేట్‌ను గుర్తుపెట్టుకోవాలంటే ముందు పరిచయం కావాలి. ఆ ప్రమాదం జరగకుండా చాలా జాగ్రత్తలు తీసుకున్నారు. వారం వారం టెస్టు. గోడకు మార్కుల లిస్టు. లిస్టును బట్టి సెక్షన్. మొన్న పక్కన కూర్చుని కారప్పొడి పంచుకున్నవాడు ఇవాళ పై అంతస్తులో సూపర్ బ్యాచ్. నువ్వు కింద, రెగ్యులర్‌లో. మెట్ల మీద ఎదురైతే మాట్లాడకూడదు, ఫ్లోర్ ఇన్‌చార్జ్ చూస్తాడు. పదహారేళ్ల మగపిల్లలు. ఆట లేదు, గ్రౌండ్ లేదు, అవుటింగ్ నెలకోసారి, అదీ మార్కులొస్తేనే. ఇంటికి ఫోన్ చేస్తే వార్డెన్ పక్కనే నిలబడి ఉంటాడు. 'బాగానే ఉన్నా నాన్నా' అంటాడు వాడు. 'బాగానే ఉన్నాట్ట' అని నాన్న అమ్మకు చెబుతాడు. ఇంకేం కావాలి?

మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచీలుగా విడగొట్టొద్దు, పదిమందిలో అవమానించొద్దు అని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. వందమంది, అంతకు మించి పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలంది. మొత్తం 15 మార్గదర్శకాలు. ఆ తీర్పుకు మూలమైన కేసు ఎక్కడిది? ఢిల్లీదా? కోటాదా? కాదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చి చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి కోర్టు గుమ్మమెక్కిన కేసు అది. మన గడ్డ మీద పుట్టిన తీర్పు. మన కాలేజీల గోడల మీద లిస్టులు ఊడాయా? సూపర్, ఎలైట్, స్టార్ అనే పేర్లు పోయాయా? మీ పక్కింటి కుర్రాణ్ణి అడగండి.

కమిటీలకేం తక్కువ లేదు. నీరదా రెడ్డి కమిటీ అన్నారు, చక్రపాణి కమిటీ అన్నారు. నివేదికలిచ్చారు. అల్మారాలు నిండాయి. సెలవు రోజుల్లో క్లాసులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు ఏటా సర్క్యులర్ పంపుతుంది. అది ఏ ఆదివారం స్టడీ అవర్‌లోనో కాలేజీకి అందుతుంది కాబోలు. ఒక దశలో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో విద్యాశాఖ మంత్రీ, రాష్ట్రంలోని పెద్ద కాలేజీల గొలుసుల్లో ఒకదాని వ్యవస్థాపకుడూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. వియ్యంకులు కూడానూ. వియ్యాలవారింటికి తనిఖీకి వెళ్తారా ఎవరైనా? ఇక తెలంగాణ బోర్డు 2019లో తెలుగులో 99 మార్కులొచ్చిన అమ్మాయికి సున్నా వేసింది. ఆ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. విచారణ కమిటీ వేశారు. మళ్లీ అల్మారా.

2023లో హైదరాబాద్ శివార్లలో నార్సింగిలోని ఓ కార్పొరేట్ కాలేజీలో చదువుతున్న ఇంటర్ కుర్రాడు చనిపోయాడు. విచారణకు వెళ్లిన అధికారులు రికార్డులు తిరగేస్తే ఏం తేలింది? అతని అడ్మిషన్ వేరే కాలేజీ పేరున ఉంది. చదివింది ఇక్కడ, పడుకున్నది ఇక్కడ, ఫీజు కట్టింది ఇక్కడ. కాగితం మీద మాత్రం ఇక్కడి పిల్లాడు కాడు. ఎంత ముచ్చటైన పద్ధతి! ఎక్కడో ఇంకో చోట రెండేళ్లు చదివి, వీళ్లదగ్గర నాలుగు మాక్ టెస్టులు రాసినవాడికి ర్యాంకొస్తే వాడు 'మా విద్యార్థి'. పొద్దున్న అయిదింటి నుంచి రాత్రి పదకొండు దాకా వీళ్ల బల్ల మీదే తల వాల్చినవాడు పోతే, రిజిస్టర్‌లో పేరే లేదు.

ఆ సెక్షన్‌లో మిగిలిన పిల్లలకు ఏం చెప్పి ఉంటారు? ఒక్కరోజు సెలవిచ్చి, ఎల్లుండి టెస్టు యథాతథం అనుంటారా? 2022లో దేశంలో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది. ఆ సంఖ్యను ఏ టీవీ గొంతూ ఊపిరి బిగబట్టి చదవదు. ప్రతివాడికీ ఓ బెంచీ ఉంది. బెంచీ మీద పక్కవాడున్నాడు. ఆ పక్కవాడికి ఏడవడానికి టైమ్‌టేబుల్‌లో పీరియడ్ లేదు.

తట్టుకుని బయటపడ్డవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకున్నారా? డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఎవరింటి పెరట్లోనో బార్బెక్యూ పెట్టుకుని పాత బ్యాచ్ కలుస్తుంది. నీళ్ల సాంబారు, వార్డెన్ బెత్తం, బాత్‌రూమ్ క్యూ, అన్నీ తలచుకుని పొట్ట పట్టుకుని నవ్వుతారు. 'రెండో ఏడు మధ్యలో వెళ్లిపోయాడే, పేరేంట్రా మామా వాడిది?' అంటాడొకడు. ఎవరికీ తట్టదు. కాసేపటికి ఇంకొకడు, 'ఏదేమైనా ఆ స్ట్రిక్ట్‌నెస్ లేకపోతే మనం ఇక్కడుండేవాళ్లం కాదు బావా' అంటాడు. తల ఊపుతారు. మర్నాడు ఇండియాకు ఫోన్ చేసి, అక్క కొడుకును అదే క్యాంపస్‌లో వేయమని సలహా. డబ్బు కూడా పంపిస్తాడు, మంచివాడు.

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు నిబంధనలు పెట్టింది. గెలిచిన విద్యార్థి పేరు, ఫొటో వాడుకోవాలంటే ఫలితం వచ్చాక రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. వాడు చదివిన కోర్సేదో, ఎన్నాళ్లు చదివాడో చెప్పాలి. గొప్పలు ఎంత అక్షరాల్లో వేస్తే షరతులూ అంతే అక్షరాల్లో వేయాలి. సంతోషం. ఇంకొక్క గడి చేర్చండి దొరలూ. ఫస్ట్ ర్యాంకు వేసిన సైజులోనే. ఈ క్యాంపస్‌లో ఫస్టియర్ చేరినవాళ్లు ఇంతమంది, సెకండియర్ చివరిదాకా ఉన్నవాళ్లు ఇంతమంది, మధ్యలో ఇంటికి వెళ్లిపోయినవాళ్లు ఇంతమంది, ఇంటికి చేరనివాళ్లు ఇంతమంది.

వేస్తారా? మీకే తెలుసు. పోనీ మీరే అడిగి చూడండి. పదో తరగతి పిల్లాడున్న ఇంటికి దసరా నాటి నుంచే పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయి. సీటు బ్లాక్ చేసుకోండి సార్, ఈ వారం చేరితే కన్సెషన్ సార్, ఏసీ క్యాంపస్ సార్. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి. 'పోయినేడు మీ బాయ్స్ క్యాంపస్‌లో చేరినవాళ్లంతా ఇప్పుడు ఎక్కడున్నారండీ?'

'అవన్నీ ఎందుకు సార్... మీవాడికి ప్రీఫైనల్‌లో ఎంతొచ్చాయో చెప్పండి.'