పదిహేడు క్వింటాళ్ల పొగరు

నేను బొలెరో పికప్‌ని. నన్ను అమ్మేసి టాటా ఏస్ తెచ్చుకోవాలని మా యజమాని నిర్ణయించుకున్నాడు. పదిహేడు క్వింటాళ్లు మోసే బండిని వదిలి ఏడున్నర క్వింటాళ్ల బండి పట్టుకోవడం చీమకుర్తిలో అంత తేలిగ్గా మింగుడుపడే సంగతి కాదు. ఈ ఊళ్లో చిన్న బండికి దిగాడంటే మనిషి దెబ్బతిన్నాడనే అర్థం. కిస్తీలు కట్టలేకపోయాడనో, వడ్డీలు మీదపడ్డాయనో నలుగురూ అనుకుంటారు. ఆ మాటకొస్తే నాకే ముందు కోపం రావాలి. కానీ నా తొట్టిలోకి ఏం ఎక్కిందో, ఏం ఎక్కలేదో నాకు తెలిసినంతగా ఊళ్లోవాళ్లకు తెలియదు. ఆ లెక్కలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే మా యజమాని చేస్తున్నది సరైన పనే. ఆత్మకథలు రాసుకునేవాళ్లు తమను తాము సమర్థించుకుంటారు. నేను నన్ను వదిలించుకుంటున్న మనిషిని సమర్థించబోతున్నాను.

చీమకుర్తి అంటే గెలాక్సీ గ్రానైట్. నల్లరాతి మీద బంగారు రజను చల్లినట్టు మెరిసే ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. రామతీర్థం చుట్టూ ఉన్న క్వారీల్లో దొరికే ఈ రాయి దేశదేశాలకూ పోతుంది. రాయి బరువు కాబట్టి ఇక్కడ బండి కూడా బరువుదే కావాలన్నది ఊరి నమ్మకం. నమ్మకం బాగానే ఉంది, లెక్కే కుదరదు. ఈ రాయి ఘనపు మీటరు దాదాపు మూడు టన్నులు తూగుతుంది. అంటే నిలువూ అడ్డమూ ఎత్తూ ఒక్కో మీటరున్న చిన్న దిమ్మెనైనా నేను మోయలేను. క్వారీలోంచి పైకొచ్చే బ్లాకులు అంతకు ఎన్నో రెట్లుంటాయి. వాటిని క్రేన్లు ఎత్తితే ట్రైలర్లు కృష్ణపట్నం రేవుకో, చెన్నై రేవుకో, దగ్గరలోని ఫ్యాక్టరీలకో చేరుస్తాయి. అలాంటి ట్రైలర్ పక్కన నిలబడితే నేనూ టాటా ఏసూ ఒక్కలాగే కనిపిస్తాం. ఊరికి పేరు తెచ్చిన బరువుతో నాకు ఏ రోజూ పని పడలేదు. అయినా ఆ బరువు పేరు చెప్పే నన్ను కొన్నారు.

మరి నాకు దొరికే బాడుగలేమిటి? పాలిషింగ్ యూనిట్ నుంచి ఒంగోలులో కట్టే ఇంటికి వంటగది బండలు, మెట్ల పలకలు, గడప రాళ్లు. రెండు సెంటీమీటర్ల మందం పలక చదరపు అడుగుకు అయిదున్నర కిలోలు ఉంటుంది. ఒక ఇంటి వంటగదికి అరవై అడుగుల రాయి పట్టినా మూడున్నర క్వింటాళ్లకు మించదు. ఇవి కాక ఇల్లు మారేవాళ్ల బీరువాలు, మంచాలు, టెంట్ హౌస్ కుర్చీలు, వంటపాత్రలు, గ్యాస్ సిలిండర్లు, తుంపర సేద్యం పైపులు. వీటిలో చాలావాటికి తొట్టి నిండుతుంది కానీ బరువు సగం కూడా తూగదు. ఇంకో సంగతి బండి నడిపేవాళ్లకు తెలుసు, కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. నా వెనక కమాన్ కట్టలు పదిహేడు క్వింటాళ్లను తట్టుకునేట్టు పేర్చినవి. మూడు క్వింటాళ్లు వేస్తే అవి వంగనే వంగవు. గుంతలో చక్రం దిగగానే ఆ కుదుపంతా నేరుగా సరుకుకే తగులుతుంది. ఏ ఆకారపు ఇనుప స్టాండుకు ఆనించి, మధ్యలో గోనెపట్టాలు దూర్చి, తాడు బిగించి కట్టినా పలక కింది అంచు ఎగిరి పడుతుంది. సింకు కోసం కోత పెట్టిన బండయితే మరీ కష్టం. కోతకు అటూ ఇటూ నాలుగు వేళ్ల వెడల్పు రాయే మిగులుతుంది, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. తక్కువ బరువుకు తగ్గ కమాన్లున్న బండి అదే గుంతలో కాస్త మెత్తగా దిగుతుంది. బలమైన బండిలో సరుకు భద్రంగా ఉంటుందన్న మాట నిండు లోడుకే వర్తిస్తుంది.

డీజిల్ దగ్గర నామీద అభిమానం ఉన్నవాళ్లు ఒక గట్టి మాటే అంటారు, అది ఒప్పుకోవాలి. నిండు బరువుతో నేను లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇస్తాననుకుందాం, ఏస్ పద్దెనిమిది ఇస్తుందనుకుందాం. వంద కిలోమీటర్ల దారికి నేను క్వింటాలుకు అర లీటరు తాగితే ఏస్ ముప్పావు లీటరు తాగుతుంది. అంటే నిండుగా వేసినప్పుడు పెద్ద బండే చవక. నా ఇంజన్ 2,523 సీసీలది. 2005లో ఏస్ మొదటిసారి రోడ్డు మీదికి వచ్చినప్పుడు దాని గుండె రెండే సిలిండర్లు, 702 సీసీలు, పదహారు గుర్రాల శక్తి. ఆ ఇంజన్‌ని చూసి నవ్వినవాళ్లు క్వింటాళ్లే చూశారు, బాడుగలు చూడలేదు. అదే దారిలో మూడు క్వింటాళ్లే వేసి చూడండి. నేను క్వింటాలుకు దాదాపు మూడు లీటర్లు తాగుతాను, ఏస్ రెండు లీటర్ల లోపే తాగుతుంది. ఇక తిరుగు బాడుగ దొరక్క ఖాళీగా వచ్చేటప్పుడు నేను తాగేదంతా యజమాని జేబులోంచే. కాబట్టి తేలాల్సింది ఒక్కటే: ఏడాది పొడుగునా నేను ఎన్నిసార్లు నిండుతాను?

నిండే రోజులు లేవని కాదు. సంక్రాంతి దాటాక దర్శి వైపు పల్లెల్లో కళ్లాల మీద మిరపకాయలు ఎర్రగా పరుచుకుంటాయి. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలే రోజులవి. టిక్కీ నలభై, నలభై అయిదు కిలోలుంటుంది. ఏస్‌లో పదహారో పదిహేడో పడితే, నాలో దానికి రెట్టింపుకు పైగా పడతాయి. అప్పుడు చిన్న బండి ఏం చేస్తుందని అడుగుతారు. ఏమీ చేయనక్కర్లేదు. గుంటూరు దాకా పోయే కాయకు నలుగురు రైతులు కలిసి లారీయే మాట్లాడుకుంటారు. లారీ వెళ్లలేని డొంకలోంచి టిక్కీలను రోడ్డు మీదికి చేర్చే పని మాత్రం మిగులుతుంది. వాన పడితే ఆ నల్లరేగడిలో నా బరువే నాకు శత్రువు. ఆ నాలుగు నెలల సీజన్ కోసం ఏడాదంతా ఇంత బండిని మేపడమంటే, పెళ్లి భోజనానికి కావలసిన గుండిగలో రోజూ ఇద్దరికి అన్నం వండుకోవడమే.

చిన్న బండి ఎంతకాలం మన్నుతుందన్నది ఇంకో అభ్యంతరం. ఇక్కడి మనుషులు ఏడున్నర క్వింటాళ్ల బండిలో పదిహేను వేస్తారు, ఏడాదికే దాని నడుం విరుగుతుందంటారు. నిజమే, వేస్తారు. కానీ పదిహేడు క్వింటాళ్ల బండిలో పదిహేడే వేస్తున్నారా? బలం ఎంత ఉంటే దాని మీద ఆశ అంతకు కాస్త ఎక్కువ ఉంటుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక లోడుకు ఇరవై వేల రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకూ రెండు వేల చొప్పున జరిమానా పెట్టింది. ఆ ఇరవై వేలు చిన్న బండికీ పెద్ద బండికీ ఒకటే. మరో తేడా కూడా చట్టంలోనే ఉంది. సరుకుతో కలిపి మూడు వేల కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఏస్ ఆ గీతకు చాలా దిగువన ఉంటుంది. నా సొంత బరువుకు పదిహేడు క్వింటాళ్లు కలిపితే నేను గీత దాటేస్తాను. ఆ కాగితాల ఖర్చు నేను ఖాళీగా నిలబడ్డ రోజు కూడా ఆగదు.

చిన్న బండ్ల మీద నమ్మకం ఉంచింది మా యజమాని ఒక్కడే కాదు. ఇంటింటికీ రేషన్ బియ్యం అందించడానికి రాష్ట్ర ప్రభుత్వం 2021 జనవరిలో 9,260 బండ్లను రోడ్డెక్కించింది. వాటిలో 6,413 ఏస్‌లే. ఆ పథకాన్ని 2025 జూన్‌లో ఆపేశారు కదా, చిన్న బండి ఓడిపోయినట్టే కదా అనేవాళ్లున్నారు. బియ్యం ఇంటికి పంపాలా, డిపో దగ్గరే ఇవ్వాలా అన్నది ప్రభుత్వాల వాదం, బండి సైజుతో దానికి సంబంధం లేదు. సందుల్లో తిరగడానికి బండి ఎంత ఉండాలన్న ప్రశ్నకు అప్పుడు దొరికిన జవాబు మారలేదు.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. కర్నూలు రోడ్డు మీద రాళ్ల ట్రైలర్ల మధ్య నడిచే డ్రైవర్‌కు నా ముందున్న బానెట్ ఒక అడ్డు. ఏస్‌లో ఆ ముక్కు లేదు, మనిషి మోకాళ్లకూ ఎదుటి బండికీ నడుమ రేకే ఉంటుంది. వేగం తగ్గించుకోవచ్చు, రాత్రిపూట ట్రైలర్ల వెనక దగ్గరగా పోకుండా ఉండొచ్చు. అయినా ఆ తేడా పోదు. మా యజమాని బాడుగలు ఎక్కువగా ఊళ్లోనూ ఒంగోలు లోపూ ఉంటాయి కాబట్టి ఈ లోటు భరించదగ్గదని నా అభిప్రాయం. రోజూ కనిగిరి దాకా, నెల్లూరు దాకా పోయేవాడికి నేను ఈ మాట చెప్పను.

ఇక నా సంగతి. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పడాలి, ఫైనాన్స్ తీరినట్టు 35వ ఫారం రావాలి, ఆ తర్వాత నా పత్రాల్లో పేరు మారుతుంది. నన్ను చూసి వెళ్లినవాళ్లలో సిమెంటు, ఇనుము అమ్మే వ్యాపారి ఒకాయన ఉన్నాడు. సిమెంటు బస్తా యాభై కిలోలు. ముప్పై నాలుగు బస్తాలతో నా లెక్క సరిగ్గా నిండుతుంది, ఆయన దుకాణంలో అలాంటి లోడు రోజూ ఉంటుంది. ఆయన అడిగిన ధర మా యజమాని అనుకున్నదానికి కాస్త తక్కువే. టెంట్ హౌస్ నడిపేవాడు ఇంకొంచెం ఎక్కువ ఇస్తానంటున్నాడు గానీ, కుర్చీలు మోయడానికి నేనెందుకని ఆయనకైనా ఎవరో ఒకరు చెప్పాలి.