వాగ్దానం కార్డు గోడకి అంటించకండి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి వెళ్లే ప్రతి కుటుంబానికీ నేను ముందుగా ఇచ్చే సలహా ఇది. అక్కడ ఇచ్చే, బైబిలు వచనం అచ్చేసిన వాగ్దానం కార్డు తీసుకోండి, కానీ ఇంటికొచ్చి గోడకి అంటించకండి. పర్సులో పెట్టుకోండి. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందులోని వచనం ఏ అధ్యాయంలోదో చూసి, ఆ అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా ఇంట్లో అందరికీ వినబడేలా చదవండి. దానికి ముందున్న అధ్యాయం కూడా చదివితే మరీ మంచిది. అంటించే సంగతి ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.

ఈ మాటకి సంఘంలో పెద్దవాళ్లు నొచ్చుకుంటారని తెలుసు. నేను ఇక్కడ చెప్పబోయేవన్నీ ఆ వరసలోవే. మనం ఒకరికొకరం అలవాటుగా చెప్పుకునే సలహాలకి ఇవి అడ్డం తిరిగినట్టే కనిపిస్తాయి. అయినా ఒక్కొక్కటీ బైబిలు చదువుతూ ఉంటే పుట్టినదే, ఆచరించమని మనస్ఫూర్తిగా అడుగుతున్నదే.

కార్డుల్లో తరచుగా వచ్చేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. తన ప్రజల విషయంలో తనకున్నవి మంచి ఉద్దేశాలేననీ, వాళ్లకి ముందు రోజులున్నాయనీ దేవుడు చెప్పే చోటు అది. ఇంటర్ రాసే పిల్లవాడికీ, వీసాకోసం ఎదురుచూసే అల్లుడికీ అదే కార్డు వస్తుంది. అందరూ దాన్ని ఈ ఏడాదిలో జరగబోయే మేలు అనుకుంటారు. అధ్యాయం తెరిస్తే తెలుస్తుంది, అది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో యెరూషలేము నుంచి చెరగా పట్టుకుపోయినవాళ్లు బబులోనులో ఉన్నారు. ఊళ్లో మిగిలిపోయిన యిర్మీయా వాళ్లకి రాసిన ఉత్తరం.

ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉంటాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారనీ, కొల్లగొట్టిన ఆలయపు పాత్రలు కూడా వెనక్కి వస్తాయనీ మందిరంలో జనం ముందు ప్రకటిస్తాడు. బబులోనుకి లొంగాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీదున్న కొయ్య కాడిని లాగి విరిచేస్తాడు. ఆ సభ ఎంత ఉత్సాహంగా ఊగిపోయి ఉంటుందో మనకి తెలియనిది కాదు, అలాంటి సభలు మనం చూస్తూనే ఉన్నాం. యిర్మీయా మొదట ఆమేన్ అనే అన్నాడు. అలా జరిగితే బాగుండునన్న కోరిక అతనికీ ఉంది. కానీ అతనికి వచ్చిన మాట వేరు: డెబ్బై ఏళ్లు. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో ఎక్కువమంది అక్కడే కన్నుమూస్తారు. కార్డు మీద ఉన్న పదకొండో వచనానికి సరిగ్గా పైనున్న పదో వచనంలో ఈ డెబ్బై ఉంది. ఇంకాస్త పైకి వెళితే, ఇళ్లు కట్టుకొమ్మనీ, తోటలు వేసి వాటి కాపు తినమనీ, పిల్లలకి పెళ్లిళ్లు చేయమనీ, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయమనీ ఉంది.

కువైట్‌లో ఇళ్లలో పని చేస్తున్న కడప జిల్లా అక్కకి ఏ మాట పంపాలో ఇప్పుడు చెప్పండి. ఈ ఏడే తిరిగొచ్చేస్తావని పంపితే ఆమె పెట్టె సర్దుకుని, కాలం లెక్కపెట్టుకుంటూ, రోజులన్నీ కాళ్లమీద నిలబడే గడుపుతుంది. యిర్మీయా ఉత్తరం మొత్తం చదివి వినిపిస్తే, శుక్రవారం ప్రార్థనలో పక్కన కూర్చున్న మనిషిని స్నేహితురాలిగా చేసుకుంటుంది, అరబ్బీ నాలుగు మాటలు నేర్చుకుంటుంది, ఒంట్లో బాగా లేకపోతే చూపించుకుంటుంది. ఇక్కడి భర్త, పిల్లలు కూడా ఆమె పంపే డబ్బుని రేపోమాపో ఆగిపోయేదిగా కాక ఏళ్ల తరబడి జాగ్రత్త పడాల్సినదిగా చూస్తారు. నాకు తెలిసి ఈ ఉత్తరానికి మన కుటుంబాల కన్నా దగ్గరి పాఠకులు లేరు. అలాంటి ఉత్తరంలోంచి ఒక్క ముక్క కత్తిరించి మిగతాది దాచడం వాళ్లకి అన్యాయం.

కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పెట్టిన చోట వచ్చిన వచనాన్ని బట్టి సంబంధం ఖాయం చేసుకోవడమూ, స్థలం కొనడమూ మానండి. సామెతలు 26వ అధ్యాయంలో మూర్ఖుడికి జవాబివ్వొద్దని నాలుగో వచనం చెబితే, ఇవ్వమని అయిదో వచనం చెబుతుంది. రెండూ పక్కపక్కనే పెట్టినవారికి అవి ఒకదానికొకటి ఎదురని తెలియక కాదు. ఎప్పుడు ఏది చేయాలో మనిషే కూర్చుని తేల్చుకోవాలని అలా పెట్టారు.

ఇంకో సలహా. ఏ కథ చదివినా అందులో మంచివాడి స్థానంలో మిమ్మల్ని కూర్చోబెట్టుకోకండి. మీ ఆదాయానికీ హోదాకీ దగ్గరగా ఉన్న మనిషి ఎవరో వెతకండి. రూతు గ్రంథం చూడండి. పెళ్లిళ్లలో అది కోడళ్లకి చెప్పే పాఠమైపోయింది: అత్తని విడిచిపెట్టకూడదు, చెప్పినట్టు వినాలి. రూతు చేసింది గొప్ప పనే, కాదనను. కానీ ఆ కథలో పొలం ఉన్నది బోయజుకి, కూలివాళ్లున్నది బోయజుకి. పెళ్లికొచ్చిన నాలుగొందల మందిలో ఇల్లూ పొలమూ షాపూ ఉన్నవాళ్లు బోలెడంతమంది ఉంటారు. వాళ్లకి చెప్పాల్సిన పాఠం ఎవరూ చెప్పరు.

పరిగె ఏరుకోవడమంటే మన పల్లెల్లో చెప్పక్కర్లేదు. కోత కోసి కుప్ప వేశాక మడిలో రాలిన కంకుల్ని ఆడవాళ్లు వంగి ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకునేవాళ్లు. సాయంత్రానికి ఆ కొంగు మూటని గట్టు మీద నలిపి చెరిగితే గుప్పెళ్లలో గింజలు తేలేవి. కోత మిషన్లు వచ్చాక పరిగె దాదాపు పోయింది. లేవీయకాండం 19వ అధ్యాయం ఈ పరిగెని యజమాని దయకి వదిలిపెట్టలేదు. పొలం అంచులు పూర్తిగా కోయకూడదు, రాలినవి ఏరుకోకూడదు, అవి బీదవాళ్లవీ పరదేశులవీ. బోయజు అంతకంటే ఒక అడుగు ముందుకేశాడు. తన పొలంలో పరిగె ఏరుకోవడానికి వచ్చిన రూతు జోలికి వెళ్లొద్దని కుర్రాళ్లకి చెప్పాడు, దాహమైతే పనివాళ్ల కుండల్లోంచే తాగమన్నాడు, మధ్యాహ్నం తన మనుషులతో పాటు కూర్చోబెట్టి పేలాలు పెట్టాడు. కట్టల్లోంచి కావాలనే కొన్ని పనలు లాగి ఆమె దారిలో పడేయమన్నాడు, ఏమీ అనొద్దన్నాడు. ఆ రోజు రూతు దుళ్లగొట్టుకున్న యవలు ఒక తూము, అంటే సుమారు 22 లీటర్ల కొలత. పరదేశి ఆడమనిషికి అవమానం లేకుండా అంత గింజ ఇంటికి చేర్చిన ఏర్పాటు అది. మిషను కోసిన పొలంలో పరిగె ఎలా వదలాలో, షాపులో అంచు ఎక్కడుందో, అపార్ట్‌మెంటులో పనివాళ్ల మంచినీళ్లు ఎక్కడ పెట్టాలో ఆలోచించడమే రూతు గ్రంథంలోంచి ఇల్లు గలవాడు నేర్చుకోవాల్సింది.

అదే లేవీయకాండం 19లో మరో నాలుగు వచనాలు దిగితే, కూలివాడి కూలి తెల్లారేదాకా దగ్గర ఉంచుకోవద్దని ఉంది. ద్వితీయోపదేశకాండం 24లో పొద్దు గుంకక ముందే ఇచ్చేయాలంటుంది. కాబట్టి ఆదివారం కానుక కవరులో నోటు పెట్టే ముందు ఇంటిపని చేసే ఆవిడకి ఒకటో తారీఖు జీతం ఇచ్చారో లేదో చూసుకోండి. ఇల్లు కట్టిన తాపీ మేస్త్రీకి ఆఖరి వారం డబ్బులు ఆగిపోయి ఉంటే ఆ కవరు బీరువాలోనే ఉంచి ముందు అవి ఇచ్చిరండి. దశమభాగం వారం ఆలస్యమైతే సంఘానికి నష్టమే, ఒప్పుకుంటాను. కూలి వారం ఆలస్యమైతే ఒక ఇంట్లో పొయ్యి వెలగదు. బలిపీఠం దగ్గరికి అర్పణ తెచ్చినవాణ్ణి అక్కడే వదిలి వెళ్లి ముందు సోదరుడితో సమాధానపడి రమ్మన్నది యేసే, మత్తయి అయిదో అధ్యాయంలో.

కూలి ముందన్న ఈ మాటకి మన నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు పట్టినప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కుర్రతనంలో సర్వే పని చేసినవాడు, లెక్కలు తెలుసు. ఆకలితో ఉన్నవాళ్లకి పని పెట్టి కూలి ఇచ్చాడు. మిషన్‌లో బోధకులుగా ఉన్నవాళ్లని మేస్త్రీలుగా పెట్టాడు. విరామాల్లో వాళ్లు వాక్యం చెప్పేవాళ్లు, దాన్ని దాచక్కర్లేదు. కానీ కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినవాళ్లకి ఇవ్వలేదు, అన్నం కోసం ఎవరూ చేరకూడదని. కరువు పనులు ముగిశాకే ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మనం ఆ సంఖ్యని పదేపదే చెప్పుకుంటాం. తట్టలూ పారలూ కూలి లెక్కలూ ముందు రావడాన్నీ, ఓపిక పట్టి కాదన్న రోజుల్నీ చెప్పుకోం. సాయం చేసే ప్రతివాడూ నేర్చుకోవాల్సింది వాటి దగ్గరే.

చావు జరిగిన ఇంటికి బైబిలు సంచిలోనే ఉంచుకుని వెళ్లండి. అక్కడ తెరవకండి. యోబుకి పిల్లలు పోయారని విని వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసినదాంట్లో మంచిదంతా ఆ వారమే. నోరు తెరిచాక అధ్యాయాలకి అధ్యాయాలు మాట్లాడారు. అన్నీ భక్తి మాటలే, విడిగా చూస్తే మన కార్డుల మీద అచ్చు వేసుకోదగినవే. చివరి అధ్యాయంలో దేవుడు ఎలీఫజుతో నేరుగా అంటాడు, మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదని.

మన ఆదరణ కూడికల్లో ఫ్లెక్సీ మీద యోబు మొదటి అధ్యాయంలో మాటే ఉంటుంది, ఇచ్చినవాడే తీసుకున్నాడని. ఆ మాట అన్నది ఎవరో చూడండి. పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి తన నోటితో తానే అన్నాడు. చూడటానికి వచ్చినవాడెవడూ అతనికి చెప్పలేదు. పాతికేళ్ల కొడుకుని బైకు ప్రమాదంలో పోగొట్టుకున్న తల్లి ముందు మైకు పట్టుకుని ఆ వచనం మీద ముప్పావు గంట ప్రసంగించే హక్కు మనకి లేదు. ఆమె అంటే వినండి. అనకపోతే టీ కాచండి, ఆస్పత్రి బిల్లులూ పోస్టుమార్టం కాయితాలూ పట్టుకుని తిరిగే తమ్ముడికి తోడు వెళ్లండి. నెల తర్వాత జనం రావడం మానేశాక మళ్లీ వెళ్లి కూర్చోండి.

దెబ్బలు తింటున్న ఆడపిల్ల వచ్చి చెప్పుకుంటే మాత్రం ఊరుకోకండి. ఓర్చుకో, ప్రార్థన చెయ్యి, మారతాడు అనే సలహా మన నోట ఇట్టే వచ్చేస్తుంది. అది ప్రమాదకరమైన సలహా. సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో అబీగయీలు భర్త నాబాలు మొరటువాడు, దుర్మార్గుడు. అతని నోటి దురుసు వల్ల దావీదు నాలుగు వందల మందితో ఆ ఇంటిమీదికి బయలుదేరాడు. అబీగయీలు రెండు వందల రొట్టెలు, అయిదు గొర్రెల మాంసం, అంజూరపు అడలు గాడిదల మీదికెక్కించి ఎదురెళ్లింది. భర్తకి చెప్పలేదు. చెప్పలేదని గ్రంథంలో పనిగట్టుకుని రాసి ఉంది. దావీదుతో తన భర్త మూర్ఖుడని దాపరికం లేకుండా చెప్పేసింది. ఆమెని బైబిలు తెలివైనదంటుంది, దావీదు దీవించాడు. ఇంట్లో ప్రాణాలకి ముప్పు వచ్చినప్పుడు భర్త అనుమతి కోసం ఆగని ఇల్లాలిని మెచ్చుకున్న గ్రంథం చేతిలో పెట్టుకుని, మన పిల్లల్ని ఆ ఇంటికే తిప్పి పంపడం ఎలా కుదురుతుంది? 181కి ఫోను చేయించండి. 2005 నాటి గృహ హింస చట్టం ఉంది. రక్షణ అధికారి దగ్గరికి మీరే తోడు వెళ్లండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

ప్రార్థన అంశాల సంగతి క్లుప్తంగా. పేరు చెప్పి మరీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఫలానావాళ్ల అమ్మాయి గురించి భారంగా ప్రార్థించండి అని పెడితే రాత్రికల్లా ఊరంతా అమ్మాయి గురించే మాట్లాడుతుంది. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లమని మత్తయి 18లో ఉంది. ఆ మొదటి మెట్టు ఎక్కకుండా నేరుగా సంఘానికి చెప్పేసే ఏర్పాటుకి ప్రార్థన అని పేరు పెట్టవద్దు.

ఇక మాత్రలు. స్వస్థత కూడిక నుంచి వచ్చాక షుగరు, బీపీ మాత్రలు ఆపేసినవాళ్ల ఇళ్లు మన సంఘాల్లో ఉన్నాయి. ఆపితే విశ్వాసం, వేసుకుంటే అనుమానం అని చెప్పేవాళ్లకి రాజులు రెండవ గ్రంథం 20వ అధ్యాయం చూపించండి. హిజ్కియా చావుకి సిద్ధమై ఏడ్చి ప్రార్థిస్తే, పదిహేనేళ్లు ఆయుష్షు ఇస్తున్నానని దేవుడు యెషయా చేత చెప్పించాడు. ఆ మాట వచ్చేశాక, అదే యెషయా అంజూరపు పళ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. పౌలు చేతుల మీదుగా రోగులు బాగుపడేవారు, అపొస్తలుల కార్యముల్లో ఉంది. అయినా త్రోఫిముని జబ్బుతోనే మిలేతులో విడిచిపెట్టి రావాల్సి వచ్చింది. ఆ సంగతి తిమోతికి రెండో పత్రికలో దాచకుండా రాశాడు. త్రోఫిముకి విశ్వాసం చాల్లేదని అనలేదు. అదే అధ్యాయంలో, త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ తీసుకురమ్మనీ, చలికాలం రాకముందే రమ్మనీ అడుగుతాడు. ఖైదులో ఉన్న ముసలాయనకి చలి వేస్తోంది, దుప్పటిలాంటిది కావాలి, అడిగాడు.

ఇంట్లో నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటే ముందు పెద్దవాళ్ల మందుల చీటీలు తీసి డాక్టరుకి చూపించండి. ఎవరు ఒంటిపూట ఉండొచ్చో, ఎవరు అసలు ఉండకూడదో ఆయన చేత రాయించుకోండి. ఇన్సులిన్ వేసుకునే నాన్నగారికి వేళకి ఇడ్లీ పెట్టి, ఆయన తింటున్నంతసేపూ పక్కన కూర్చోండి. తినకుండా ఉండలేకపోయానే అని ఆయన బాధపడతారు, మీరు మాత్రం పళ్లెం తీయకండి.