ఫారంలో లేని దమ్ము

చేవెళ్ల జిరాక్సు షాపుల ముందు ఈ పెద్దమనిషి ఏడాది పొడుగునా కనిపిస్తాడు. కొడుకు చికాగోలో, కోడలికి నెలలు నిండుతున్నాయి. చేతిలో కొత్త పాస్‌పోర్టు, ఛాతీలో పాత దమ్ము.

ఆ దమ్ము సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచింది లేదు. మృగశిర కార్తె వస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని వారి చేపమందుకు వరుసలో నిలబడి, ముందువాడికీ వెనకవాడికీ తన రోగచరిత్ర మొత్తం వినిపిస్తాడు. 1845 నుంచీ ఇస్తున్న మందంటారు. వింటుంటే ఈయన దగ్గు అంతకన్నా పాతదేమో అనిపిస్తుంది. పెళ్లింట్లో బిందె మోయమంటే దమ్ము, పంచాయితీకి రమ్మంటే దమ్ము. వీసా కోసం మొయినాబాద్ దగ్గరి చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేశాడు, వచ్చాక మొక్కు తీరేలా 108. చుట్టుకో గడి చొప్పున కార్డు మీద టిక్కు పెట్టుకోవాలక్కడ. ఆయాసంతో నడుమ నడుమ కూలబడ్డాడే గాని ఒక్క దొంగటిక్కు పెట్టలేదు. దేవుడి లెక్క కదా!

ప్రయాణ బీమా ఫారంలో ఉన్నది ఒకే గడి. ఆస్తమా వంటి శ్వాసకోశ వ్యాధులున్నాయా?

“కాకా, ఉందని కొట్టాల్నా?” అంటాడు షాపు పిల్లోడు.

“రోగమా అది? చలికి వస్తది, పోతది. లేదని కొట్టు.”

“రాత్రంత పిల్లికూతలు ఎవరియి మరి?” బెంచీ మీంచి ఆయన భార్య.

“నువ్వూకో. రాస్తే పైసలెక్కువ గుంజుతరు.”

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. చెప్పినా సరే, మన దగ్గరి చాలా పాలసీలు పాత జబ్బుకు ప్రాణం మీదికొస్తే తప్ప పైసా విదల్చవు. కొన్ని అప్పుడూ విదల్చవు. పాలసీకి ముందే డాక్టరు గుర్తించిందీ, వైద్యం చేయించుకున్నదీ బీమా లెక్కలో పాత జబ్బే. దాస్తే మాత్రం, రేపు కాలు విరిగినా కంపెనీ ఫారం తిరగేసి పేచీ పెట్టొచ్చు. పిల్లోడు ఇదంతా చెప్పబోతే ఆయన జేబులోంచి ఇన్‌హేలర్ తీసి, రెండుసార్లు గట్టిగా పీల్చి, ఊపిరి కూడదీసుకుని, “లేదని కొట్టు” అంటాడు.

చికాగో చలికి ఛాతీ పట్టేసి ఆసుపత్రిలో పడితే, కంపెనీ వాళ్లు కూపీ లాగే పనే ఉండదు. “ఎన్నాళ్ల నుంచి?” అని డాక్టరు అడగడమే ఆలస్యం. వినేవాడు దొరికాడని చిన్ననాటి దగ్గుతో ఎత్తుకుని, కార్తె కార్తెకూ చేపమందుతో మింగిన కొర్రమీను పిల్లల దాకా వస్తాడు. డాక్టరు రాసుకుంటూనే ఉంటాడు. ఇంగ్లీషులో చెబుతున్న కొడుక్కి కొర్రమీను దగ్గర నోరు పెగలదు.

“ఆపినవేందిరా? అంతా చెప్పు. డాక్టరు దగ్గర దాయొద్దు.”